మొక్క తల తుంచినా పక్క కొమ్మలు రావట్లేదు. హార్మోన్ లోపమా?

కాదు. ఆకలి.

హార్మోన్ కథ నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే. కొనలో పుట్టిన ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణిచి ఉంచుతుంది, కొన తుంచితే అవి లేస్తాయి. 1933లోనే థిమాన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు కొన కోసిన చోట ఆక్సిన్ పెట్టి మొగ్గల్ని ఆపి చూపించారు కాబట్టి అబద్ధమనను. సగం నిజం. మిగతా సగం నాకు రెండు బంతి మొక్కలు నేర్పాయి.

ఒకే నారు, ఒకే మట్టి. ఒకటి పొద్దంతా ఎండలో, రెండోది చోటు చాలక గోడ వారన నీడలో. ఒకే పూట రెండింటి తలా తుంచాను. నాలుగో రోజుకి ఎండలోదాని ఆకు సందుల్లో నూకగింజంత పచ్చటి మొగ్గలు, వారం తిరిగేసరికి వాటికి రెండేసి ఆకులు. నీడలోది మాత్రం ఉలకదు పలకదు, గాయం ఎండి నల్లబడిందంతే. ఆకు తొడిమ పక్కకు వంచి భూతద్దంతో చూశాను. మొగ్గ ఉంది! ఆవగింజలో సగం, బిగుసుకుని కూర్చుంది. అణిచే కొన పోయి వారమైంది కదా, ఇంకా దేనికి ఆగినట్టు? పదో రోజు దాన్నీ ఎండలోకి జరిపాను. ఐదు రోజులకు కదిలింది.

చక్కెర కోసం ఆగిందది. 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు బఠాణీ మొక్కల మీద పట్టుకున్నది ఈ సంగతే. ఆక్సిన్ కాండంలో గంటకు సుమారు ఒక సెంటీమీటరు నడుస్తుంది. కొన కోశాక, దూరంగా కింద ఉన్న మొగ్గలు తమ దగ్గర ఆక్సిన్ తగ్గకముందే పెరగడం మొదలెట్టాయి. చక్కెర అంతకు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది మరి. కొన అనే తిండిపోతు పోయేసరికి ఆకులు వండిన చక్కెర, అంటే సుక్రోజ్, కిందివాటికి మిగిలింది. కొన ఉండగానే సుక్రోజ్ ఎక్కించినా మొగ్గలు లేచాయి. అంటే మొగ్గకు చక్కెర తిండీ అదే, కబురూ అదే. లోపల ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే అణువు సుక్రోజ్ ఎంతుందో కొలిచే ముల్లులా పనిచేస్తుంది. పూత వేళ తేల్చడంలోనూ దానికి చెయ్యి ఉంది. జీవక్రియ ఒక పాఠంగా, పెరుగుదల ఇంకో పాఠంగా విడగొట్టి చెప్పిన మా మాస్టారిని ఇప్పటికీ క్షమించలేదు నేను.

నీడలో వెలుతురు సంకేతాలు కూడా మారతాయి కదా, అంతా చక్కెరే అని ఎలా అంటావని ఒక మిత్రుడు వాదించాడు. మారతాయి, కాదనను. అయినా నా ఓటు చక్కెరకే.

అన్నట్టు, "ఆకులు బలం లాగేస్తాయి, పీకేయండి" అని చెప్పే వీడియోలు చూసి ముదురు ఆకులు దూసెయ్యకండి. లాగేవి లేత ఆకులు. విచ్చుకున్న ఆకే వంటిల్లు. మా బంధువొకాయన తల తుంచి, ఆకులన్నీ దూసి, పైగా గుప్పెడు యూరియా పోశాడు. మోడు మిగిలింది. నత్రజనిని కణంగా మలచడానికి కూడా చక్కెరే కావాలండీ, పొయ్యి ఆర్పేసి బియ్యం పోస్తే అన్నమవుతుందా?

ఇంతకీ మీ కుండీ ఎక్కడుందో రాయలేదు. తుంచాక కాండానికి ఎన్ని ఆకులు ఉంచారు?