కనిపించే బుడిపె, కనిపించని దారి: క్లెయిమ్ ఏమవుతుంది?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. పుట్టినప్పటి నుంచి ముక్కు దూలం మీద శనగగింజంత బుడిపె ఉంది. మధ్యలో సన్నటి రంధ్రం, అందులోంచి ఒక వెంట్రుక. ఈమధ్య రెండుసార్లు చీము పట్టింది. ఎమ్మారై తీసి ‘నేసల్ డెర్మాయిడ్’ (ముక్కు మీద పుట్టుకతో వచ్చే తిత్తి) అన్నారు. లోపల దాని దారి, అంటే రంధ్రం నుంచి లోపలికి సాగే సన్నటి గొట్టం, పుర్రె అడుగు దాకా వెళ్లిందట, ఆపరేషన్ చేయాలట. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం ‘బయటికి కనిపించే పుట్టుకలోపం, మా పాలసీ వర్తించదు’ అని క్యాష్‌లెస్ తిరస్కరించింది. దెబ్బ తగిలి వచ్చిన వాపని రాయించమని ఏజెంటు సలహా. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందుగా, డాక్టర్ చెప్పిన తేదీని క్లెయిమ్ కోసం వాయిదా వేయకండి. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. ఎలాగోలా డబ్బు సర్దుకుని ఆపరేషన్ చేయించి, తర్వాత రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు.

ఇక గొడవంతా ఒక్క మాట దగ్గరే. పాలసీల్లో ఉండే నిర్వచనం ప్రకారం, కంటికి కనిపించి చేతికి అందే భాగంలో ఉన్నది ‘ఎక్స్‌టర్నల్’ పుట్టుకలోపం, అలా కానిది ‘ఇంటర్నల్’. చాలా పాలసీలు మినహాయించేది మొదటిదాన్నే. కంపెనీవాళ్లు బుడిపెను చూసి ఎక్స్‌టర్నల్ అనేశారు. కానీ ఆపరేషన్ అంతా లోపలికి పోయిన ఆ దారి కోసమే కదా! కంటికి కనిపించని ఆ భాగం ఇంటర్నల్ కిందికే వస్తుందన్నది మీ వాదన కావాలి. పైపైన కోసి వదిలేస్తే మళ్లీ వస్తుంది. ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు పాకే ప్రమాదమూ ఉంది. అందుకే సర్జన్ దగ్గర ఒక లెటర్ తీసుకోండి. ఎమ్మారైలో ఆ దారి ఎంతవరకు కనిపించింది, ఎందుకు తీయాలి, ఇది అందం కోసం చేసేది కాదు అనే మూడు సంగతులూ అందులో ఉండాలి. మీ కేసులో ఇంతకు మించిన కాగితం లేదు.

మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. నేషనల్ ఇన్సూరెన్స్ – ఈశర్ దాస్ మదన్‌లాల్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. అది నగల వ్యాపారి కేసు, అయినా సూత్రం మీకూ పనికొస్తుంది.

మీది ఆఫీసువాళ్లిచ్చిన గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్‌ను అడిగి పూర్తి కాపీ చదవండి. కొన్ని గ్రూప్ పాలసీల్లో ఎక్స్‌టర్నల్‌కూ కవరేజీ ఉంటుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. వాళ్లు కాదన్నా, నెల దాకా పలకకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) ఏడాదిలోగా ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. అక్కడ లాయర్లకు ప్రవేశమూ లేదు, కాబట్టి ఈ సలహాతో నా ఫీజు కూడా పోయినట్టే! వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే గడువు రెండేళ్లు. అక్కడ కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

ఏజెంటు మాట మాత్రం వినకండి. డెర్మాయిడ్ అంటేనే పుట్టుకతో వచ్చేది. తీసిన ముక్కను పరీక్షించిన ల్యాబ్ రిపోర్టులో అదే పేరు ఉంటుంది. అప్పుడు తప్పుడు సమాచారం ఇచ్చారంటూ, న్యాయంగా రావాల్సిన క్లెయిమ్‌నూ కొట్టేస్తారు. ఆ ఫారం మీద ఉండేది మీ సంతకమే, ఏజెంటుది కాదు.