నాన్నగారి పుట్టినరోజు నయాగరాలో వస్తే

ఇండియా నుంచి అమ్మానాన్నలు ఎండాకాలంలో అమెరికా వస్తారు, కొన్ని నెలలుంటారు, ఆ మధ్యలో ఎవరిదో ఒకరి పుట్టినరోజు పడుతుంది. "న్యూజెర్సీ నుంచి నయాగరా వెళ్తున్నాం, అదే రోజు నాన్నగారి పుట్టినరోజు, ఎలా చేస్తే బాగుంటుంది?" అని కొత్తగా వచ్చిన పిల్లలు తరచూ అడుగుతుంటారు. తప్పకుండా చేయండి. కాకపోతే ఆ రోజు చూడాల్సిన వాటి జాబితా సగానికి తగ్గించి, ఆయనకు ఎలా ఇష్టమో అలా గడపనివ్వండి.

ముందు అసలు పుట్టినరోజు ఎప్పుడో అడగండి. ఆ తరంలో చాలామందికి పాస్‌పోర్టులో ఉన్నది బడిలో వేయించిన తేదీ. ఇంట్లో లెక్క తిథిదో, జన్మనక్షత్రానిదో. తిథి ప్రకారమైతే ఇండియాలో మన ఊరి క్యాలెండర్ చూడకండి. సూర్యోదయానికి ఉన్న తిథినే పట్టుకుంటాం కాబట్టి, ఇక్కడ ఒక్కోసారి ఒక రోజు ముందే వచ్చేస్తుంది. మీరుండే ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూడండి.

ఇక ఫోన్ల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అందరూ సాయంత్రం కేకు కోసేటప్పుడు ఇండియాకి వీడియో కాల్ అనుకుంటారు. ఎండాకాలంలో మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి 7 అంటే అక్కడ తెల్లవారుజామున 4.30. బాబాయి నిద్రమత్తులో ఒక్క మాట చెప్పి పెట్టేస్తారు, నాన్నగారి మొహం చిన్నబోతుంది. పొద్దున 8 గంటలకే హోటల్ గదిలో కూర్చోబెట్టి చేయించండి. అక్కడ సాయంత్రం 5.30, అత్తయ్యలు, మేనకోడళ్లు అందరూ దొరుకుతారు. తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకున్న మనిషి ఫోన్‌లో తమ్ముణ్ణి చూడగానే ఎలా మారిపోతారో మీరే చూస్తారు. ఆ తర్వాత రోజంతా హుషారుగా ఉంటారు.

గదిలో దీపం వెలిగించొద్దు, పొగకు అలారం మోగుతుంది, జరిమానా కూడా వేస్తారు. చిన్న దేవుడి పటం పెట్టుకుని దణ్ణం పెట్టుకుంటే చాలు. పులిహోర, దద్దోజనం ముందురోజు రాత్రే ఇంట్లో చేసి ఐస్ పెట్టెలో తెచ్చుకోండి. కారులో ఆరేడు గంటలు పడుతుంది, దారిలో దొరికేవన్నీ బర్గర్లే. షుగర్ ఉన్నవాళ్లకి భోజనం వేళ తప్పకూడదు. గుడ్డు తినని ఇంట్లో మామూలు బేకరీ కేకు పనికిరాదు. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఇండియన్ బేకరీలో గుడ్డు లేనిది ముందే చెప్పి చేయించుకోండి.

జలపాతం దగ్గర గోట్ ఐలాండ్‌లో నడక తక్కువ, కూర్చోవడానికి చోటుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే సుఖం. మెయిడ్ ఆఫ్ ద మిస్ట్ పడవ ఎక్కించండి. పంచె మీద నీలం ప్లాస్టిక్ కోటు తొడుక్కుని తడుస్తూ నవ్వే నాన్నగారి ఫొటో ఇంటికి పంపితే, ఊళ్లో నెల రోజులు చెప్పుకుంటారు. చలికాలంలో ఆ పడవలు నడవవు, ముందే చూసుకోండి.

ఒక్క విషయం మరీ మరీ చెబుతున్నాను. అమ్మానాన్నలకి కెనడా వీసా లేకపోతే అవతలి ఒడ్డు ఆలోచనే వద్దు. జలపాతం దగ్గరి రోడ్లు కొత్తవాళ్లని తికమక పెడతాయి, కెనడాకి దాటించే రెయిన్‌బో బ్రిడ్జి వైపు తిరిగే వరుసలో పడకుండా బోర్డులు చదువుకుంటూ నడపండి. సరిహద్దు దగ్గర కాబట్టి వాళ్ల పాస్‌పోర్టులు, ఐ-94 కాగితం (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) కారులోనే ఉండాలి.

తిరుగు ప్రయాణం మర్నాడు టిఫిన్ చేశాకే పెట్టుకోండి. రాత్రి జలపాతం మీద రంగుల దీపాలు వేస్తారు, అమ్మకి అది చూడాలని ఉంటుంది.