మొదటి కంటైనర్ నూకలు ఎక్కించే ముందు

అమ్మలూ,

నూకల ఎగుమతి మొదలుపెడుతున్నావనీ, ఐరోపాలో పిండి మిల్లు వాళ్లు బేరానికి వచ్చారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కాకినాడలో ముప్పై ఏళ్లు బియ్యం ఎగుమతి కాగితాలు చూసినవాణ్ని కదా, మనసులో ఉన్నది రాస్తున్నాను.

"మన దేశంలో జన్యువులు మార్చిన జీఎం వరే లేదు, మనకెందుకు మావయ్యా ఆ గొడవ" అనకు. నిజమే, మన రైతులు సాగు చేసుకోవడానికి అనుమతి వచ్చి పొలాల్లో నిలిచిన జీఎం పంట 2002 నుంచీ పత్తే. అయినా 2021లో ఏం జరిగింది? ఇక్కణ్నుంచి వెళ్లిన సుమారు 500 టన్నుల నూకలు ఆడించిన పిండిలో అనుమతి లేని జీఎం వరి ఆనవాళ్లున్నాయని ఫ్రాన్స్ హెచ్చరిక పెట్టింది. ఇక్కడ ఆ సాగే లేదని మన వాణిజ్య శాఖ గట్టిగా చెప్పింది. ఈలోపు ఆ పిండితో చేసిన తినుబండారాలను చాలా దేశాల దుకాణాల్లోంచి తీయించేశారు.

0.9 శాతం దాకా ఫరవాలేదని ఏ బ్రోకరో చెబుతాడు, నమ్మకు. ఆ లెక్క అక్కడ అనుమతి ఉన్న పంటలకు, లేబుల్ వేయాలా అక్కర్లేదా తేల్చడానికి. జీఎం వరికి అక్కడ అనుమతే లేదు, ఇక శాతాల మాటెక్కడిది?

జన్యువులు మార్చిన జీవాలు దేశాలు దాటడం మీద కుదిరిన కార్టజీనా ఒప్పందం 2003 నుంచి అమల్లో ఉంది, మనమూ అందులో ఉన్నాం. దాని పట్టంతా మొలకెత్తే గింజ మీద. విత్తనానికైతే అవతలి దేశం ముందే ఒప్పుకోవాలి, తిండికీ దాణాకీ వెళ్లే గింజలకైతే కాగితాల్లో రాస్తే సరిపోతుంది. 2021లో మన ప్రభుత్వం కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్కను రానిచ్చింది కూడా, నూనె తీసిన చెక్క మొలకెత్తదనే. ఐరోపా చట్టం అక్కడితో ఆగదు, పిండినీ పట్టుకుంటుంది.

నాకు ఇంకా దిగులు కలిగించేది వేరే ఉంది. 2025 మేలో సాంబ మసూరి, ఎంటీయూ 1010 రకాల్లో జన్యు సవరణ చేసిన రెండు వంగడాలు ప్రకటించారు. బాపట్ల, మార్టేరు వరి పరిశోధన కేంద్రాల బిడ్డలవి, మన మిల్లుల్లో రోజూ ఆడే రకాలు. బయటి జన్యువు మిగలని ఇలాంటి వాటికి మన దేశం 2022లోనే జీఎం నిబంధనల నుంచి మినహాయింపునిచ్చింది. ఐరోపా న్యాయస్థానం మాత్రం 2018లో వాటినీ జీఎం కిందే లెక్కగట్టింది. చట్టం సడలించే ప్రయత్నం అక్కడ నడుస్తోంది, సరుకు ఎక్కించే నాటికి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో. నూకలంటే నాలుగూళ్ల ధాన్యం ఒకే జల్లెడలోంచి రాలినవి, చూస్తే రకం తెలియదు. అందుకే ఒకటి రెండు మిల్లులతోనే పెట్టుకుని, ఏ రకం ఆడారో బిల్లు మీద రాయించుకో.

శాంపిల్ దాచు తల్లీ. నేనొకసారి తొందరలో దాచకుండా పంపేశాను. అవతలి రేవులో పరీక్ష తేడాగా వచ్చింది. కాదని వాదించడానికి నా దగ్గర గుప్పెడు గింజల్లేవు, సరుకు ఖరీదంతా నెత్తిన పడింది. ఆ తర్వాత ప్రతి లాట్‌కీ కిలో చొప్పున మూడు గుడ్డ సంచులు కట్టించి, లక్క సీలు వేయించి, ఒకటి సరుకు తనిఖీ చేసే సర్వేయర్‌కి, ఒకటి కొన్నవాళ్లకి ఇచ్చి మూడోది బీరువాలో పెట్టేవాణ్ని.

పరీక్ష ఏ ల్యాబ్‌లో, ఎవరి శాంపిల్ మీద, ఏది ఆఖరి ఫలితమో ఒప్పందంలో ఉండాలి. సంతకం పెట్టకముందే ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నాకు కళ్లు ఆనకపోయినా మీ అత్తయ్య చదివి పెడుతుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య