పికప్ కొనేముందు: మేనల్లుడికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి సూర్యానికి మావయ్య ఆశీస్సులు.

పికప్ కొనాలనుంది, ఏది మంచిదో చెప్పమన్నావు. రోజూ శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం డ్యూటీకి వెళ్ళాలి, సెలవులొస్తే అక్కనీ పిల్లల్నీ ఎక్కించుకుని బారువ బీచికో తాటిపూడి రిజర్వాయరుకో పోయి టెంటు వేసుకోవాలి, రెండూ ఒకే బండితో జరగాలి అన్నావు. జరుగుతుంది. కాకపోతే షోరూంలో అందరి కళ్ళూ ముందు ఇంజిను మీద, లావు టైర్ల మీద పడతాయి. నువ్వు ముందు తేల్చుకోవాల్సింది నంబరు ప్లేటు రంగు. తరవాత వెనక సీటు. ఇంజిను ఆ తరవాత.

మన దగ్గర దొరికే డబల్ క్యాబ్‌లు, అంటే రెండు వరసల సీట్లుండే పికప్‌లు, రెండు రకాలు. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ సొంత వాడకానికి తెల్ల ప్లేటుతో రిజిస్టరవుతాయి. బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్ లాంటివి సరుకు బళ్ళు, పసుపు ప్లేటు. క్యాంపర్ ధర వీ-క్రాస్‌లో సగం కూడా ఉండదు, మన సందుల్లో ఏ మెకానిక్కైనా దాని పని తెలుసు. అందుకే మనసు అటు లాగుతుంది. కానీ పసుపు ప్లేటంటే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. బండికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా చేయించాలి. ఇన్సూరెన్స్ లెక్క వేరు. స్థూల బరువు, అంటే నిండా లోడుతో బండి బరువు, 3,000 కిలోలు దాటితే పర్మిట్ కావాలి, పర్లాకిమిడి వైపు దాటి ఒడిశాలోకి వెళ్తే ఆ పర్మిట్ అక్కడ చెల్లుతుందో లేదో చూసుకోవాలి. లైసెన్స్ గురించి మాత్రం బెంగ లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి బళ్ళ) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

టోల్ సంగతి కూడా చూడు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత వాడకం బళ్ళకే, పసుపు ప్లేటుకి ఇవ్వరు. ఆ పాస్ ఏడాదికి లేదా 200 దాటింపులకు, ఏది ముందైతే అది. నీ డ్యూటీ దారిలో గేటు పడి రోజుకు రెండుసార్లు దాటితే నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆ లెక్క వేసుకునే కొను. తెల్ల ప్లేటు పికప్ తీసుకున్నా ఫాస్టాగ్ ఏ తరగతిలో వేశారో డెలివరీ రోజే చూసుకో. వెనక సామాను తొట్టి కనబడగానే సరుకు బండి తరగతిలో వేసేస్తే ప్రతి గేటు దగ్గరా ఎక్కువ కోసుకుంటారు.

ఏ ప్లేటైనా సరే, తొట్టిలో మనిషిని కూర్చోబెట్టకు. ఊళ్ళో నాలుగు అడుగులేనన్నా, పిల్లలు ఎంత సరదా పడినా వద్దు. తొట్టిలో మనిషికి సీటు లేదు, బెల్టు లేదు, ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

నీ వాడకానికి నా ఓటు తెల్ల ప్లేటుకే. అయితే ఒక ప్రశ్నకు నిజం చెప్పు. టెంటు, పొయ్యి, నాలుగు దుప్పట్లే మీ సామానైతే పైన క్యారియర్ ఉన్న మామూలు కారు చాలు, పదిహేను లక్షలు మిగులుతాయి. తడి టెంటు, ఇసుక కొట్టుకున్న చాపలు, పిల్లల సైకిళ్ళు, నీళ్ళ క్యాన్లు క్యాబిన్‌లోకి రాకుండా వేరే చోట పడాలి, దారి లేని చోటికీ వెళ్ళాలి అనుకుంటేనే పికప్‌కి అర్థం.

ఇక వెనక సీటు. పికప్ వెనక ఇరుసు కింద కారులో లాగా కాయిల్ స్ప్రింగులుండవు, కమాన్ కట్టలుంటాయి. బరువు మోయడానికి పేర్చిన ఇనుప పట్టీల కట్ట అది. తొట్టి ఖాళీగా ఉంటే వంగదు, ఎగరేస్తుంది. ఆ ఎగురుడంతా వెనక కూర్చున్నవాళ్ళ నడుముకే. పైగా వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది, వెనక్కి వాలదు, దాని వెనకే క్యాబిన్ గోడ. అక్కకి మోకాళ్ళ నొప్పులు కదా, ఫుట్‌బోర్డు లేకుండా అంత ఎత్తు ఎక్కలేదు. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి నువ్వొక్కడివీ వెళ్ళకు. అక్కని వెనక ఎక్కించి, గుంతలున్న రోడ్డు మీద ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పు. నాలుగు లేన్ల హైవే మీద ఏ బండైనా బాగానే ఉంటుంది. స్పీడు బ్రేకరు మీద ఇరవై స్పీడులో వెనక ఎంత విసురుతోందో అక్కనే అడుగు. వెనకకి ఏసీ గాలి వస్తోందా, మధ్యలో కూర్చున్నవాళ్ళకి మూడు పాయింట్ల బెల్టు ఉందా, చిన్నదాని సీటు బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలున్నాయా, ఇవీ అప్పుడే చూడు. కొన్నాక కమాన్లు మెత్తబరచడానికి పట్టీ తీయించేయమని ఎవడో ఒకడు చెప్తాడు. తీయించకు. బరువు వేసినప్పుడు వెనక కూలబడుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. కుదుపు ఎక్కువైతే డోరు దగ్గర అంటించిన స్టిక్కరు ప్రకారం ఖాళీ బండికి ఎంత గాలి ఉండాలో అంతే ఉంచు. చాలామంది ఫుల్ లోడు గాలి కొట్టించి ఖాళీగా తిరుగుతారు, సగం కుదుపు అక్కడే.

బరువు లెక్క కాగితం మీద వేయి. షోరూం వాళ్ళిచ్చే వివరాల పత్రంలో స్థూల బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనుషులకూ సామానుకూ కలిపి. తొట్టి పెద్దదిగా కనిపిస్తుంది గానీ, సొంత వాడకం పికప్‌లో ఆ మిగులు నువ్వనుకున్నంత ఉండదు. మీ ఐదుగురూ కలిపి 270 కిలోలు. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు, 60. టెంటు, చాపలు 20. పొయ్యి, 5 కిలోల సిలిండరుతో 15. ఐసుతో నింపిన పెట్టె 25. బియ్యం, గిన్నెలు 25. జాకీ, కంప్రెసరు, తాళ్ళు 15. తొట్టి మీద ఫైబరు టాపు బిగిస్తే ఇంకో 70. మొత్తం దాదాపు అర టన్ను. ఈ అంకె పత్రంలోని మిగులు కన్నా ఎక్కువైతే టాపు మానేసి రోలర్ కవరు వేయించు. నీళ్ళ క్యాన్లు, ఐసుపెట్టె క్యాబిన్ గోడకి ఆనించి పెట్టాలి, వెనక డోరు వైపు తేలికవి. బరువంతా ఇరుసుకి వెనక పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. రోలర్ కవరున్నా వానలో కాస్త కారుతుంది, వెనక డోరు సందులోంచి ఎర్ర దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది. ఆ సందుకి రబ్బరు బీడింగ్ వేయించి, దుప్పట్లు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టు.

తొట్టిలో పడుకోవచ్చు అనుకుంటున్నావేమో. డబల్ క్యాబ్ తొట్టి పొడవు దాదాపు 1.5 మీటర్లే. పిల్లలకి సరిపోతుంది, నీకు కాళ్ళు డోరు మీదకి వస్తాయి.

ఇంటి దగ్గర కొలత మర్చిపోవద్దు. వీ-క్రాస్, హైలక్స్ రెండూ 5.3 మీటర్ల పొడవు, అద్దాలు కాకుండా 1.86 మీటర్ల వెడల్పు. టేపు పెట్టి పోర్టికో, గేటు, సందు మలుపు కొలువు. తిరగడానికి ఆరు మీటర్ల పైన వ్యాసార్ధం కావాలి. ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం ఏడింటికి ఓసారి తిప్పి చూడు, నీకు ఓపికుందో లేదో తెలుస్తుంది. వెనక కెమెరా లేని రకం వద్దు.

ఇంజిను గురించి క్లుప్తంగా. వీ-క్రాస్‌ది 1.9 లీటర్లు, 163 గుర్రాల శక్తి, హైలక్స్‌ది 2.8, 204. నీ డ్యూటీకి చిన్నదే ఎక్కువ. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వస్తుందనుకో, నెలకి రెండు వేల కిలోమీటర్లకి 167 లీటర్లు, లీటరు 97 రూపాయలనుకున్నా పదహారు వేల పైన. వాయిదా కట్టగలనా అని మాత్రమే కాదు, ఇదీ కలిపి చూడు. బీఎస్-6 పొగ నిబంధనల డీజిల్ బళ్ళన్నిటికీ పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అది పోగైన మసిని తనే కాల్చుకోవాలంటే హైవే మీద ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా నడవాలి. నీ డ్యూటీ దారి దానికి మంచిదే. చిక్కంతా ఇంట్లోవాళ్ళు బడికీ బజారుకీ రెండేసి కిలోమీటర్లు తిప్పినప్పుడు. డీపీఎఫ్ దీపం వెలిగితే ఇంజిను ఆపేయకుండా, ఓ గేరు తక్కువలో అరవై, డెబ్భై స్పీడు మీద నడిపించు. మసి కాలుతుండగా మాటిమాటికీ ఇంజిను ఆపేస్తే డీజిల్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే వెంటనే ఆయిల్ మార్పించాలి, లేకపోతే బేరింగులు పోతాయి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీళ్ళని వానాకాలంలో నెలకోసారి వదిలించు.

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిను శక్తి అందేది, కావాలా? తీరం ఇసుకలోకి, వానకి నానిన గట్ల మీదకి వెళ్ళేది నిజమైతే తీసుకో. ఖాళీ తొట్టితో వెనక చక్రాలకి బరువుండదు, తడి గడ్డి మీద కూడా ఫోర్ బై టూ పికప్ తిరుగుతూ ఉండిపోతుంది. అయితే ఈ బళ్ళలో అది ఎప్పుడూ ఉంచుకునే గేరు కాదు. ఎండిన తారు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిరిగితే ముందు, వెనక ఇరుసుల మధ్య బిగుసుకుపోయి గేరు పెట్టె పళ్ళు అరుగుతాయి. నెలకోసారి మట్టి మీద పది నిమిషాలు వేసి తీస్తుంటే మీటలు, మోటార్లు పట్టేయవు. ఇసుకలోకి దిగేముందు టైర్ల గాలి 18, 20 దాకా దించు, ముప్పై స్పీడు దాటకు, గబుక్కున మలపకు, టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. రోడ్డెక్కేముందు గాలి మళ్ళీ కొట్టు. కంప్రెసరు బ్యాటరీకి నేరుగా తగిలించేది కొను. సిగరెట్ సాకెట్‌కి పెట్టే పెద్దవాటితో ఫ్యూజు పోతుంది. జాకీ కింద వేయడానికి అడుగు చదరం చెక్కముక్క కూడా ఉండాలి. ఇసుకలో జాకీ బండిని లేపదు, తనే దిగబడుతుంది.

మనది తీరం, ఉప్పు గాలి. దీన్ని ఎంత చెప్పినా తక్కువే. బారువ, కళింగపట్నం, చింతపల్లి బీచి ఎక్కడికెళ్ళొచ్చినా అదే రోజు మంచినీళ్ళతో ఛాసిస్ (బండి అడుగు చట్రం) పట్టీల లోపలి వైపు, కమాన్ కట్టల మధ్య, తొట్టికీ క్యాబిన్‌కీ నడుమ సందు కడిగించు. పై పెయింటు మెరుస్తుంటే చాలనుకుంటారు, తుప్పు కింద నుంచి తినేస్తుంది. పికప్‌కి స్టెప్నీ తొట్టి కింద గొలుసుకి వేలాడుతుంది. ఆ గొలుసు తిప్పే వించి ఉప్పుకి బిగుసుకుపోతే పంక్చరైన రోజు స్టెప్నీ కిందికి దిగదు. మూడు నెలలకోసారి దించి గ్రీజు పెట్టు. కింద పూత వేయిస్తే మైనం రకం వేయించు, అదీ కడిగి పూర్తిగా ఆరాకే. తడి మీద రబ్బరు పూత వేస్తే తుప్పుని లోపల పెట్టి మూసినట్టే. ఛాసిస్‌లో నీళ్ళు కారే రంధ్రాలు మూయనివ్వకు.

టెంటు వేసే చోటు గురించి ఒక్క మాట. తోటపల్లి, సీతంపేట వైపు ఏనుగులు తిరుగుతాయి. అటు రాత్రి బస వద్దు. పగలు వెళ్ళినా అరటిపళ్ళు, బెల్లం, ఉప్పు తొట్టిలో వదలకు. తీరంలో సరుగుడు తోటల నీడ హాయిగా ఉంటుంది, తోట వాళ్ళని అడిగే దిగు. రాత్రి క్యాబిన్‌లో ఇంజిను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని ఎవరూ పడుకోకూడదు. అనంతగిరి ఘాటు దిగేటప్పుడు ఆ అర టన్నుతో రెండో గేరులోనే దింపు, బ్రేకు మీద కాలు పెట్టి వదలకుండా ఉంటే డ్రమ్ములు కాలి పట్టు పోతుంది.

పాతది చూద్దామనుకుంటే వీ-క్రాస్‌లు 2016 నుంచి మన రోడ్ల మీదున్నాయి, దొరుకుతాయి. లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్ చూడకుండా బేరం మొదలుపెట్టకు. కొత్తగా నల్ల పూత వేసి ఉంటే అనుమానించు, సుత్తితో చిన్నగా తట్టి చూడు. తుప్పుకి పొరలు రాలుతాయి, గట్టి ఇనుము గణగణమంటుంది. కమాన్ బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగు ఊపి చూడు. తెల్లారి చల్లని ఇంజిను స్టార్టు చేయించు, అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే మరో రోజు బేగి వెళ్ళు. ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పుమంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. సీటు బెల్టు ఆఖరంటా లాగు, బురద మరక కనిపిస్తే నీళ్ళలో మునిగిన బండి. బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్సీలో హైపోథికేషన్ తీసేయించాకే పూర్తి డబ్బివ్వు.

కొత్తదైతే తయారైన నెల, టైర్ల మీద నాలుగంకెల తేదీ, బ్యాటరీ తేదీ చూసి, రిజిస్ట్రేషన్‌కి ముందే బండిని పరీక్షించు. ముందు ఇనుప బుల్‌బార్ ఉచితంగా ఇస్తామంటారు, వద్దను. 2017 డిసెంబరు నుంచి అవి నిషిద్ధం, పైగా ఎయిర్‌బ్యాగులు సరిగ్గా తెరుచుకోవు. దాని బదులు ఇంజిన్ ప్రొటెక్షన్ ఉన్న ఇన్సూరెన్స్ తీసుకో. నాగావళి పొంగినప్పుడు నీళ్ళలో ఇంజిను ఆగితే మళ్ళీ స్టార్టు చేయకు, సిలిండరులోకి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు.

బయానా ఇచ్చేముందు ఆ వివరాల పత్రం, పోర్టికో కొలతలు ఫొటో తీసి నాకు పంపు. అక్క వెనక సీట్లో కూర్చుని ఏమందో కూడా రాయి.

మీ మావయ్య