అడవిలో దారి తప్పితే ముందు కూర్చోండి

"అడవిలో ఒంటరిగా చిక్కుకుంటే మనల్ని బయటపడేసేది నైపుణ్యమా, మనోధైర్యమా?" అని అడిగారు. అలాంటి రాత్రి ఒకటి గడిపినవాడిగా చెబుతున్నాను, మనసే. అయితే మనోధైర్యం అనగానే అందరూ ఊహించుకునేది ఒకటి, అక్కడ నాకు పనికొచ్చింది ఇంకొకటి.

ఆరేళ్ల కిందటి మాట. నలుగురం స్నేహితులం కొండ దిగుతున్నాం. సాయంత్రం నాలుగు దాటింది, ఆకాశం మబ్బు పట్టి ఉంది. షూ లేసు ఊడితే కట్టుకోవడానికి నేను ఆగాను, వాళ్లు మలుపు తిరిగిపోయారు. ముందు దారి రెండుగా చీలింది. ఎడమ పక్కది దగ్గరి దారిలా అనిపించి అటు దిగాను. పావుగంటలో కాళ్ల కింద బాట మాయమైంది.

ఆ క్షణంలో వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. నేను పరిగెత్తాను. వాళ్ల పేర్లు పెట్టి గొంతు పోయేదాకా అరిచాను. నోరు పిడచకట్టుకుపోయింది. కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. అరగంట తర్వాత ఒక ముళ్ల కొమ్మకు నీలం గుడ్డపీలిక వేలాడుతూ కనబడింది. మనుషులెవరో ఇటు వచ్చారని ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే అది నా చొక్కా చేతిదే.

తిన్నగా పోతున్నాననే అనుకున్నాను, ఒట్టు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరికి జీపీఎస్ ఇచ్చి అడవిలో, ఎడారిలో నడిపించి చూశారని తర్వాత చదివాను. 2009లో వచ్చిన పరిశోధన అది. సూర్యుడు కనబడనప్పుడు మనుషులు తిన్నగా వెళ్తున్నామనే నమ్మకంతోనే గుండ్రంగా తిరిగారట.

ఆ గుడ్డపీలిక చూశాక కాళ్లు చల్లబడ్డాయి. పక్కనున్న బండ మీద కూలబడ్డాను. బ్యాగు తెరుద్దామంటే చేతులు వణికి జిప్పు రాలేదు. కాసేపు ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చుని, మళ్లీ ప్రయత్నిస్తే వచ్చింది. లోపలున్న ఒక్కో వస్తువు పేరూ పైకి చెప్పుకుంటూ బండ మీద వరసగా పెట్టాను. స్టీలు సీసాలో సగం నీళ్లు. రెయిన్‌కోటు. తాళాల గుత్తి. సిగ్నల్ లేని ఫోను, పద్దెనిమిది శాతం చార్జింగ్. ఆ లెక్క పూర్తయ్యేసరికి గుండె దడ తగ్గింది, బుర్ర పనిచేయడం మొదలైంది. ఇలాంటప్పుడు ఆగు, ఆలోచించు, చుట్టూ చూడు, తర్వాతే ప్లాన్ వేసుకో అని శిక్షణలో నేర్పుతారు. నా అనుభవంలో ఆ నాలుగింటిలో మొదటిదే కష్టం. ఒళ్లంతా పారిపో పారిపో అంటుంటే కూర్చోవడానికి కావాలి ధైర్యం.

వెలుతురు ఉండగానే ఎండుటాకులు పోగేసి కింద మందంగా పరుచుకున్నాను. నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. రాత్రంతా నేను భయపడింది జంతువులకు. నిజానికి భయపడాల్సింది చలికి. తిండి లేకుండా మనిషి వారాల పాటు ఉండగలడు, నీళ్లు లేకుండా మూడు రోజుల దాకా లాగొచ్చు. తడిసిన బట్టలకు చలిగాలి తోడైతే కొన్ని గంటలే చాలు.

అర్ధరాత్రి దాటాక స్నేహితులు పిలుస్తున్నట్టు వినిపించింది. స్పష్టంగా, నా పేరుతో. లేచి నిలబడ్డాను కూడా. కానీ సాయంత్రం బండ మీద కూర్చున్నప్పుడే ఒకటి నిర్ణయించుకున్నాను, తెల్లారేదాకా ఇక్కణ్ణుంచి కదలనని. మళ్లీ కూర్చున్నాను. అది గాలి చప్పుడని కాసేపటికి తెలిసింది. బుర్ర చల్లగా ఉన్నప్పుడు వేసుకున్న కట్టుబాటును బుర్ర చెడిన వేళ పాటించడం, నేనైతే దీన్నే మనోధైర్యం అంటాను.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పాలి. సంకల్పం ఉంటే చావు కూడా దగ్గరికి రాదని వేదికలెక్కి చెప్పేవాళ్లున్నారు. వాళ్లు తరచూ చెప్పే కథ జూలియన్ కోప్కేది. 1971 డిసెంబరు 24న పెరూ అడవి మీద విమానం ముక్కలైతే, అందులోని 92 మందిలో ఆ పదిహేడేళ్ల అమ్మాయి ఒక్కతే బతికి, పదకొండో రోజున మనుషులను చేరింది. ఆమె తల్లిదండ్రులు జీవశాస్త్రవేత్తలని, ఆమె అడవిలో ఉండి పెరిగిన పిల్ల అని, నీటి పాయ వెంట కిందికి వెళ్తే మనుషులు దొరుకుతారని తండ్రి నేర్పాడని మాత్రం చెప్పరు. నేర్చుకున్నది అక్కరకు రావాలంటే బుర్ర చల్లగా ఉండాలి, నిజమే. కానీ అసలు నేర్చుకున్నదంటూ ఉండాలి కదా!

1972లో ఆండీస్ మంచులో కూలిన విమానం సంగతీ అంతే. 45 మందిలో 16 మంది బతికారు. గాలింపు ఆపేశారని రేడియోలో విన్నాక కూడా కుప్పకూలిపోకుండా, చివరికి ఇద్దరు పది రోజులు నడిచి సాయం తెచ్చారు. ఆ గుండెకు దండం పెడతాను. కానీ అక్టోబరు 29 రాత్రి మంచుచరియ విరిగిపడి ఎనిమిది మంది పోయారు. వాళ్ల సంకల్పం తక్కువైందా? పోయినవాళ్లను ఇలా చిన్నబుచ్చడం నేను భరించలేను.

నేను బండ మీద నిబ్బరంగా కూర్చోగలిగానంటే అసలు కారణం, ఆ ముగ్గురూ నా కోసం వెతుకుతారని తెలియడం. ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లుంటే ఆ నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చేది? అందుకే ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లమంటాను. చెప్పిన దారి మార్చకండి కూడా.

తెల్లవారాక తాళాల గుత్తితో స్టీలు సీసాను మూడేసి సార్లు కొట్టి, ఆగి, మళ్లీ కొట్టాను. మూడు చప్పుళ్లంటే ఆపదలో ఉన్నామని గుర్తు. ఏడున్నరకు కుడి పక్క నుంచి ఈల వినబడింది. కాలిబాట అక్కడికి మూడు వందల అడుగులు కూడా లేదు.

ఇప్పుడు నా దగ్గరా ఒక ఈల ఉంది. దాన్ని బ్యాగులో పెట్టను, మెడలోనే వేసుకుంటాను. ఆ రోజు జిప్పు తీయడానికే నా చేతులు సహకరించలేదు మరి.