గ్లాసులో ఏం పోయాలి? చెల్లెలి కూతురికి పెద్దమ్మ ఉత్తరం

స్వప్నా,

నువ్వు పంపిన లిస్టు చదివాను. పొద్దున చాక్లెట్ పొడి కలిపిన పాలు, పది గంటలకు ప్లేస్కూల్లో మామిడి జ్యూస్ ప్యాకెట్టు, మధ్యాహ్నం నిద్ర లేవగానే మళ్లీ పాలు, సాయంత్రం నాయనమ్మ దగ్గర రెండు గుటకల చాయ్, రాత్రి పడుకునే ముందు సీసా పాలు. మూడున్నరేళ్ల పిల్లాడు అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పేస్తున్నాడని, ఆకలి పుట్టడానికి టానిక్ ఏదైనా చెప్పమని అడిగావు. టానిక్ ఏమీ అక్కర్లేదు బిడ్డా. వాడికి ఆకలి ఎప్పుడేస్తుంది చెప్పు? పొద్దున లేచింది మొదలు వాడి కడుపు ఖాళీ అయ్యే తీరికే లేదు.

పిల్లల వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ తల్లులకు నేను చెప్పిన మాటే నీకూ చెప్తున్నా. రోజూ తాగడానికి పిల్లలకు కావాల్సినవి నీళ్లు, పాలు. అంతే. ఇంకేది గ్లాసులో పోసినా దాన్ని తిండి లెక్కలో వేసుకో, లేదంటే పండగ పూట మిఠాయి లెక్కలో వేసుకో. తాగేదే కదా అని లెక్కలోకి రాకుండా పోతోంది చూడు, అక్కడే వస్తోంది తంటా.

ముందు పాల సంగతి. ఏడాది దాటిన పిల్లలకు రోజు మొత్తానికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలు. పెరుగు తింటే అది కూడా ఇందులోకే వస్తుంది. మీవాడు తాగేది కూడితే ముప్పావు లీటరు దాటుతోంది. పాలలో కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, ఐరన్ మాత్రం దాదాపు లేనట్టే. పైగా ఎక్కువ తాగితే వేరే తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం వెళ్లాల్సిన కడుపును పాలతో నింపేస్తే రక్తం తగ్గుతుంది. అలాంటి పిల్లలు వార్డుకు ఎందరో వచ్చేవాళ్లు. బొద్దుగానే ఉంటారు. 'మావాడు పాలు బాగా తాగుతాడు సిస్టర్' అని తల్లులు గొప్పగానే చెప్తారు. కింది కనురెప్పను వేలితో కొంచెం కిందికి లాగితే లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. పగటి వెలుతురులో నువ్వూ మీవాడిది ఒకసారి చూడు. అనుమానంగా అనిపిస్తే డాక్టర్‌కు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. నీ అంతట నువ్వు ఐరన్ సిరప్ కొని పోయకు.

పాలు అరగవని సగం నీళ్లు కలుపుతున్నారన్నావు. ఏడాది దాటిన పిల్లలకు ఆ అవసరం లేదు. నీళ్లు కలిపితే కడుపు అంతే నిండుతుంది, బలం సగమే అందుతుంది. ఏ ప్యాకెట్ కొనాలి అంటే, రంగు చూసి కొనకు, ఒక్కో డెయిరీ ఒక్కో రంగు పెట్టుకుంటుంది. పేరు చదువు. టోన్డ్ అంటే 3 శాతం వెన్న, డబుల్ టోన్డ్ అంటే 1.5, ఫుల్ క్రీమ్ అంటే 6. మీవాడికి టోన్డ్ హాయిగా సరిపోతుంది. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం డబుల్ టోన్డ్ వద్దు, వాళ్లకు ఆ కొవ్వు కావాలి. షాపుల్లో దొరికే బాదం పాలు, ఓట్స్ పాలు ఫ్యాషన్‌గా ఉన్నాయని మామూలు పాలు మాన్పించకు. పాలు పడని పిల్లల సంగతి వేరు, అది డాక్టర్ చెప్పాలి.

ఆ చాక్లెట్ పొడి గురించి. ఆ డబ్బాలను మన చిన్నప్పటి నుంచి బలం ఇచ్చే మందులాగే చూశాం. కానీ 'హెల్త్ డ్రింక్' అనే మాటకు 2006 నాటి మన ఆహార భద్రత చట్టంలో నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటివాటిని ఆ పేరున్న వరసలోంచి తీసేయమని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. డబ్బా తిప్పి పదార్థాల వరస చదువు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలి. చాలావాటిలో చక్కెర పేరు కోసం కిందిదాకా వెతకాల్సిన పనే ఉండదు. ఒక్కసారిగా మానిపిస్తే మీవాడు గ్లాసు విసిరేస్తాడు, నాకు తెలుసు. రెండు చెంచాలు వేస్తున్నావుగా, ఒకటిన్నర చెయ్యి. నాలుగు రోజులాగి ఒకటి. తర్వాత అర. వాడి నాలుక తగ్గింపుకు అలవాటు పడుతుంది, డబ్బా అయిపోయాక మళ్లీ కొనకు. ఎప్పుడైనా రుచి కావాలంటే బాదం పప్పులు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా నూరి కలుపు. గింజ గింజగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

రాత్రి సీసా మాత్రం వెంటనే మానెయ్యాలి. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు పైపళ్ల చుట్టూ రాత్రంతా నిలుస్తాయి. ముందు పళ్ల మీద సుద్ద గీతల్లా తెల్లటి మచ్చలు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత పళ్లు మొదలంటా విరగడం. పాల పళ్లేగా, ఎలాగూ ఊడతాయి అనుకోకు, నొప్పికి పిల్లలు నమలడమే మానేస్తారు. పాలు స్టీలు గ్లాసులో అన్నం తర్వాత ఇచ్చెయ్యి, పళ్లు తోము, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. రెండు మూడు రాత్రులు ఏడుస్తాడు, ఏడవనీ.

ఇక జ్యూస్ ప్యాకెట్టు. మీవాడి ప్యాకెట్ మీద మామిడిపండు బొమ్మ నిగనిగలాడుతుంటుంది గానీ, చిన్న అక్షరాల్లో 'ఫ్రూట్ డ్రింక్' అని ఉంటుంది. మన నిబంధనల ప్రకారం అలా రాసుకోవడానికి పండు రసం పది శాతం ఉంటే చాలు. మిగిలింది చాలావరకు నీళ్లు, చక్కెర. వెనక పట్టికలో 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎన్ని గ్రాములో వెతుకు. 12 అని ఉందనుకో, 125 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లో 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు. అన్ని చెంచాల చక్కెర ఒక పళ్లెంలో పోసి మీ ఆయన ముందు పెట్టు. ప్లేస్కూల్ స్నాక్ డబ్బా సర్దేది ఆయనేగా.

'వంద శాతం పండ్ల రసం' అని కనిపించినా మోసపోకు, ప్యాకెట్ల మీద ఆ మాట తీసేయమని ఆహార భద్రత సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది. మరి ఇంట్లో తీసింది? కల్తీ ఉండదు, నిజమే. కానీ ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి. అన్ని కాయలు కూర్చుని తినమంటే మీవాడు తింటాడా? రసమైతే ఒక్క నిమిషంలో తాగేస్తాడు, పీచంతా జల్లెడలో మిగులుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు జ్యూసే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య తప్పనిసరి అయితే రోజుకు 125 మిల్లీలీటర్లు మించొద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెప్పింది. నా సలహా ఇంకా సులువు. నల్గొండ బత్తాయి దొరికే ఊళ్లో ఉండి మిక్సీ తియ్యడం ఎందుకు? తొనలు ఒలిచి, గింజలు తీసి చేతికివ్వు. చొక్కా పాడవుతుంది, ఉతుక్కో.

కూల్‌డ్రింకుల గురించి ఎక్కువ రాయను. బిర్యానీ పార్సిల్‌తో ఫ్రీగా వచ్చిందని ఇంట్లోకి తెచ్చుకోవద్దు, అంతే. ఎనర్జీ డ్రింకుల మీద పిల్లలకు పనికిరాదని ఆ కంపెనీలే రాస్తున్నాయి, చదివితే చాలు.

మరి ఎండాకాలం ఏమివ్వాలి అంటావు. మజ్జిగ ఉండగా బెంగ దేనికి? పుల్లగా లేని పెరుగు ఒక గరిటె, నాలుగు గరిటెల నీళ్లు, కవ్వంతో బాగా చిలికి పైన తేలిన వెన్న తీసెయ్యకుండా ఉంచు. వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, ఉప్పు తగిలీ తగలనట్టు. పచ్చిమిర్చి, అల్లం పెద్దవాళ్ల గ్లాసులోకే. కరివేపాకు, కొత్తిమీర వేస్తే వడకట్టి ఇవ్వు, లేకపోతే ఆకు గొంతుకు తగిలిందని గ్లాసే వద్దంటాడు. కొబ్బరి నీళ్లు వారంలో ఒకటి రెండుసార్లు బాగానే ఉంటాయి. బండి దగ్గర స్ట్రాతో కాకుండా ఇంటికి తెచ్చి గ్లాసులో పొయ్యి. చెరకు రసంతో నాకు పేచీ లేదు, అందులో వేసే ఐసుతోనే. అది ఏ నీళ్లతో చేశారో ఆ బండివాడికీ తెలియదు.

రాగి జావ మీద మీ కాలం పిల్లలకు కొత్త మోజు వచ్చింది, సంతోషం. కానీ లెక్క తెలుసుకుని పొయ్యి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాములకు అటూఇటూ ఉంటుంది. జావకు వేసే పిండి మహా అయితే 15 గ్రాములు, అంటే 50, 55 మిల్లీగ్రాములు వస్తుంది. కాబట్టి జావ ఇచ్చాం, పాలు అక్కర్లేదు అనుకోవద్దు. జావ మంచి టిఫిను, పాలకు మారు కాదు. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి పట్టిస్తే అందులోని ఖనిజాలు ఒంటికి బాగా పడతాయి. పిండిని చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోస్తూ కలియబెట్టు. పచ్చి వాసన పోయి, రంగు ముదిరి మెరుపు వచ్చేదాకా సన్నటి సెగ మీద ఉంచు. చల్లారాక మజ్జిగ కలిపి ఇవ్వు. బెల్లం కూడా చక్కెర కులమే, అందుకని మొదటి రోజు నుంచే తీపి అలవాటు చేయకు.

నీళ్లు. మీ అపార్ట్‌మెంటులో సగం రోజులు నల్లా, సగం రోజులు ట్యాంకర్ అన్నావు. ఫిల్టర్ మంచిదే, దాని క్యాండిళ్లు మార్పించే తేదీ క్యాలెండర్ మీద రాసుకో. కరెంటు లేని రోజు నీళ్లను తెర్లేదాకా మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, బోరు నీళ్లలోని ఉప్పు, ఫ్లోరైడ్ మాత్రం పోవు. బిందెలో గ్లాసు ముంచొద్దు, కాడ గరిటెతో తియ్యండి. మీవాడికి కొన్న రాగి సీసాలో నిమ్మరసం, మజ్జిగ పోయొద్దు, పులుపుకు రాగి కరిగి లోపలికి పోతుంది. ఎంత తాగాలి అని కొలతలు పెట్టుకుని వాడి వెంట పడకు. ఆటలో గంటకోసారి గ్లాసు చేతికివ్వు. మూత్రం లేత రంగులో వస్తుంటే సరిపోతున్నట్టే. ఒకటి మాత్రం పాటించు, అన్నానికి ముందు అరగంట పాలూ జ్యూసూ ఏవీ వద్దు, దాహమైతే రెండు గుక్కల నీళ్లు చాలు.

చాయ్ విషయంలో నువ్వు మీ అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. పెద్దావిడ ప్రేమగా ఉస్మానియా బిస్కెట్ ముంచి పెడుతోంది, అది మానమంటే మనవణ్ని దూరం చేస్తున్నావని అనుకుంటుంది. నా మాటగా చెప్పు, లేకపోతే వదినగారికి నేనే ఫోన్ చేస్తాను. చాయ్‌లో ఉండేవి తిండిలోని ఐరన్‌ను పట్టేస్తాయి, నిద్రనూ చెడగొడతాయి. ఐదేళ్లలోపు పిల్లలకు చాయ్, కాఫీ అసలు వద్దు. ఆవిడ కప్పు పక్కనే వాడికి చిన్న కప్పులో ఆ పూట పాలు పోసి పెట్టండి, బిస్కెట్ అందులో ముంచుకుంటాడు. నాయనమ్మతో కూర్చోవడమే వాడికి కావాల్సింది.

పాపకు పది నెలలే కదా. నీ పాలే మొదట, రెండేళ్లు నిండేదాకా ఇచ్చినా మంచిదే. ఏడాది నిండేవరకు ఆవుపాలు, గేదెపాలు గ్లాసులో పోసి తాగించొద్దు. అన్నంలో పెరుగు కలపొచ్చు. తిండి మధ్య చిన్న కప్పుతో నాలుగు గుక్కల నీళ్లు. ఉప్పు, చక్కెర, జ్యూసు ఏవీ వద్దు. ముఖ్యంగా తేనె నాలుకకు కూడా రాయొద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి ఏడాదిలోపు పిల్లల పేగులో పెరిగి నరాలను పట్టేసే జబ్బు తెస్తుంది.

ఇంకొకటి, ఇది ఫ్రిజ్ మీద రాసి అంటించు. విరేచనాలైనప్పుడు తీపి డ్రింకులు, జ్యూసులు పోయొద్దు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్లు లాగి విరేచనాలను పెంచుతుంది. అప్పుడు ఇవ్వాల్సింది పోయిన నీళ్లు, లవణాలు తిరిగి అందించే ఓఆర్ఎస్. మందుల షాపులో ఆ పేరుతో తీపి డ్రింకుల టెట్రాప్యాకెట్లు అమ్ముతుంటే మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ అలాంటి డ్రింకులకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తెచ్చుకో. లీటరుకా, 200 మిల్లీలీటర్లకా అన్నది దాని మీదే ఉంటుంది. మొత్తం పొడి ఒకేసారి ఆ కొలత నీళ్లలోనే కలపాలి, సగం పొడి సగం నీళ్లని అంచనాగా కలపొద్దు. చెంచాతో కొద్ది కొద్దిగా పట్టు, 24 గంటలు దాటితే పారబొయ్యి. ఆరు గంటలు మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా పడి ఉన్నా ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇవన్నీ సోమవారమే మొదలుపెట్టకు, ఇంట్లో అందరికీ టెన్షన్. ముందు రాత్రి సీసా. అది కుదిరాక ప్లేస్కూల్ ప్యాకెట్టు, ఆ తర్వాత పొడి. పది పదిహేను రోజులకు వాడు అన్నం ఎంత తింటున్నాడో రాయి. రాగులు మొలక కట్టాను, ఎండాక పిండి పట్టించి మీ అమ్మతో పంపిస్తాను.

మీ పెద్దమ్మ