మిషన్లు కొంటే సరిపోదా సార్?

ప్రశ్న: సార్, బయటి కంపెనీలు పెట్టుబడి పెట్టి కొత్త మిషన్లు దింపితే దేశం ఎదుగుతుందని మా క్లాసులో చెప్తున్నారు. మరి మిషన్లు అన్ని దేశాలూ కొనుక్కుంటున్నాయి కదా, కొన్నే ఎందుకు ముందుకెళ్తున్నాయి?
– డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: తమ్ముడూ, దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, హైదరాబాద్ బాలానగర్ చూడు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ కంపెనీ సోవియట్ సాయంతో అక్కడ మందుల ఫ్యాక్టరీ కట్టింది. డిజైన్లు వాళ్ళవే, మిషన్లూ చాలావరకు వాళ్ళవే. ఆ కంపెనీ తర్వాత నష్టాల్లో కూరుకుపోయింది, కానీ అక్కడ పనిచేసిన కెమిస్టులకి, ఇంజనీర్లకి చెయ్యి తిరిగింది చూశావా, అదీ అసలు ఆస్తి. ఫ్లాస్కులో వంద గ్రాములు చేస్తే చక్కగా వచ్చే రియాక్షన్, పెద్ద రియాక్టర్‌లో వేసేసరికి వేడెక్కిపోతుంది, ఈల్డ్, అంటే చేతికొచ్చే సరుకు, పడిపోతుంది, ఎక్కడ ఆపాలో ఎంత చల్లబరచాలో ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు, బ్యాచ్‌లు పాడుచేసుకుంటూ నేర్చుకోవాల్సిందే. అలా నేర్చుకున్నవాళ్ళే బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు, అంటే మాత్రల్లో వాడే అసలు మందుని తయారుచేసే ఫ్యాక్టరీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే.

అయితే చెయ్యి తిరిగితే చాలదు, దానికి గిరాకీ కూడా ఉండాలి. అక్కడ 1970 పేటెంట్ చట్టం పనికొచ్చింది. మందు మీద పేటెంట్ (ఇంకొకరు చేసి అమ్మకుండా ఆపే హక్కు) తీసేసి తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచారు, అంటే అదే మందుని ఇంకో దారిలో చేయగలిగితే అమ్ముకోవచ్చు, దాంతో కొత్త దారి కనిపెట్టే కెమిస్టుకి విలువొచ్చింది. 2005లో మందుల మీద పేటెంట్లు మళ్ళీ వచ్చేనాటికి మనవాళ్ళు విదేశాలకి అమ్మే స్థాయికి చేరిపోయారు.

ఇదంతా ఊరికే రాలేదు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు నీళ్ళు పాడై పొలాలు పోగొట్టుకున్న రైతుల ఖర్చు ఏ కంపెనీ లెక్కల్లోనూ కనబడదు, దాన్ని కలపకుండా గ్రోత్ అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

కొరియాలోనూ ఇంతే. హ్యుందాయ్ 1975లో పోనీ కారు తెచ్చినప్పుడు ఇంజన్ టెక్నాలజీ మిత్సుబిషిది, సొంతంగా డిజైన్ చేసుకున్న ఇంజన్ వచ్చేసరికి 1991 అయింది. మధ్యలో అన్నేళ్ళు ఓపిక పట్టి నేర్చుకున్నారు. ఈరోజు వాళ్ళు రీసెర్చ్ మీద జీడీపీలో 5 శాతానికి దగ్గరగా ఖర్చుపెడుతున్నారు, మనం 1 శాతం కూడా పెట్టట్లేదు, ఇది నాకు నిజంగా బాధ.

ఇంకోటి, నేర్చుకున్నది వదిలేస్తే పోతుంది కూడా. పెన్సిలిన్ మన దేశంలో పుణె దగ్గర పింప్రిలో 1950ల్లోనే తయారుచేశారు. తర్వాత చైనా రేట్లకి తట్టుకోలేక ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ముడిసరుకు అక్కణ్ణించే తెచ్చుకోవడం మొదలుపెట్టాం. మళ్ళీ ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇస్తే 2024లో కాకినాడ దగ్గర పెద్ద పెన్సిలిన్ ప్లాంట్ మొదలైంది. ఒకప్పుడు మనకి వచ్చిన పనే, ఇప్పుడు మళ్ళీ మొదటి బ్యాచ్ దగ్గర్నించి నేర్చుకోవాల్సి వస్తోంది.